గుడ్డపీచు లెక్క: యూరప్‌లో సంపూర్ణ యుద్ధం ఎలా పుట్టింది?

1631 మే 20. జర్మనీలో ఎల్బే నది ఒడ్డున మాగ్డెబర్గ్ పట్నం. పొద్దున గోడలెక్కిన సైన్యం ఇల్లిల్లూ దోచుకుంది. ఈలోపు ఎక్కడో అంటుకున్న నిప్పు రాత్రికల్లా ఊరినంతా మింగేసింది. లోపలున్న సుమారు 25,000 మందిలో దాదాపు 20,000 మంది పోయారు.

1792 సెప్టెంబర్ 20. ఈశాన్య ఫ్రాన్స్‌లో వాల్మీ గ్రామం. గాలిమర ఉన్న ఒక దిబ్బ మీద ఫ్రెంచ్ సేన, ఎదురుగా ఉత్తర జర్మనీ రాజ్యమైన ప్రష్యా సేన. గంటల తరబడి ఫిరంగులు పేల్చుకున్నారు. సాయంత్రానికి ప్రష్యన్లు ముందుకు రావడం మానేశారు. కొన్నాళ్లకు, జిగట విరేచనాలతో నీరసించిపోయిన తమ సైన్యాన్ని వెనక్కి నడిపించుకుపోయారు. రెండు వైపులా కలిపి చచ్చినవాళ్లూ దెబ్బతిన్నవాళ్లూ 500 చిల్లర.

ఈ రెండింట్లో ‘సంపూర్ణ యుద్ధం’ అనే మాట దేనికి తగుతుంది? ఎవరినడిగినా మాగ్డెబర్గే అంటారు. ఊరికి ఊరు బూడిదైపోతే అంతకన్నా సంపూర్ణం ఏముంటుంది? కానీ ఆ యుద్ధరీతి పుట్టుక గురించి రాసే చరిత్రకారుల్లో చాలామంది వాల్మీ వైపే, ఆ తర్వాతి ఏడాది వైపే వేలు చూపిస్తారు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకూ తిరకాసుగానే తోచింది. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. ముందు దాన్ని విప్పాలి.

‘టోటల్ వార్’ అన్న మాట ఆ కాలానిది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో లియాన్ డోడే అనే ఫ్రెంచ్ రచయిత ఈ మాటను పుస్తకం పేరుగా పెట్టాడు. 1935లో జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్ అదే పేరుతో ఇంకో పుస్తకం రాశాడు. 1943 ఫిబ్రవరి 18న బెర్లిన్ సభలో నాజీల ప్రచార మంత్రి గోబెల్స్ ‘మీకు సంపూర్ణ యుద్ధం కావాలా’ అని జనాన్ని అడిగి కేకలు పెట్టించాక ఆ మాట లోకమంతా పాకింది. అంటే 17, 18 శతాబ్దాల వాళ్లెవరూ తాము సంపూర్ణ యుద్ధం చేస్తున్నామనుకుని చెయ్యలేదు. మనం వెనక్కి తిరిగి ఆ పేరు తగిలిస్తున్నాం. తగిలించేటప్పుడు రెండు వేరువేరు సంగతుల్ని ఒకే మూటలో కడుతున్నాం.

ఒకటి, అవతలివాణ్ని కొట్టడంలో హద్దు లేకపోవడం. సిపాయీ రైతూ అన్న తేడా లేదు, కోటా కొట్టమూ అన్న తేడా లేదు. రెండోది, మన సొంత మనుషుల దగ్గర్నుంచి రాబట్టుకోవడంలో హద్దు లేకపోవడం. కుర్రవాడి ప్రాణం, ఆడవాళ్ల కుట్టుపని, పిల్లల చేతివేళ్లు, నేలమాళిగలోని మట్టి, చర్చి గంట, బండికి కట్టే గుర్రం, అన్నీ యుద్ధం ఖాతాలోకే. మొదటిది యుద్ధమంత పాతది. రెండోది కొత్తది. ఆ కొత్తది వచ్చి పాతదానితో చేతులు కలిపిన సమయమే మనం వెతుకుతున్నది.

యుద్ధమే యుద్ధాన్ని మేపుతుంది

మాగ్డెబర్గ్ కాలిపోయిన ఆ యుద్ధం 1618 నుంచి 1648 దాకా ముప్పై ఏళ్లు సాగింది. మతంతో మొదలై, రాజుల లెక్కల్లోకి దిగి, చివరికి ఎందుకు జరుగుతోందో చాలామంది సిపాయిలకే తెలియని స్థితికి చేరింది. జర్మన్ ప్రాంతాల జనాభాలో ఎంత భాగం పోయిందన్నదానిపై చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. తక్కువ కట్టినవాళ్లు ఆరో వంతు అంటే, ఎక్కువ కట్టినవాళ్లు మూడో వంతు దాటించారు. కత్తికి బలైనవాళ్లకంటే ఆకలికీ, ప్లేగుకీ, విషజ్వరాలకీ పోయినవాళ్లే ఎక్కువ.

ఆ యుద్ధాన్ని మామూలు సిపాయి కంటితో చూపించే దినచర్య ఒకటి మనకు మిగిలింది. రాసినవాడు పీటర్ హాగెన్‌డార్ఫ్ అని తర్వాత పోల్చుకున్నారు. పాతికేళ్లలో ఇరవై వేల కిలోమీటర్లకు పైగా కాలినడకన తిరిగిన మనిషి. మాగ్డెబర్గ్ గోడలెక్కిన రోజు అతనికి రెండు గుండ్లు తగిలాయి. విడిదికి మోసుకొచ్చి పడుకోబెట్టారు. పక్కనే జబ్బుపడ్డ పసిబిడ్డ. భర్త తలకింద పెట్టడానికీ, గాయాలు కట్టడానికీ ఏమైనా తెద్దామని అతని భార్య, కాలుతున్న ఊళ్లోకి వెళ్లింది. లోపల ఇళ్లు కూలుతున్నాయనీ, దోచుకోవడానికి వెళ్లిన సిపాయిల పెళ్లాలు వాటికింద పడి చస్తున్నారనీ కబుర్లు. చాలాసేపటికి ఆమె తిరిగొచ్చింది. పరుపు, కూజా నిండా వైను, వెండి మొలనూళ్లు రెండు. మోయడానికి సాయంగా ఆ ఊరి ముసలావిడ ఒకామె కూడా వెంట వచ్చింది. ఇదంతా రాసుకున్న హాగెన్‌డార్ఫ్, అంత అందమైన ఊరు, అందునా తన సొంతగడ్డ మీది ఊరు తగలబడిపోయినందుకు మనసు కలుక్కుమందని అదే పేజీలో రాశాడు.

ఈ దృశ్యాన్ని కాస్త నిలబడి చూడండి. దోచినవాడికి దోపిడీకి గురైనవాడి మీద పగ లేదు. 1633లో శత్రువులైన స్వీడన్ వాళ్లకు దొరికిపోయినప్పుడు ఇదే హాగెన్‌డార్ఫ్ వాళ్ల సైన్యంలో చేరి కొన్నాళ్లు కొలువు చేశాడు. మళ్లీ వీలు చిక్కగానే పాత రెజిమెంటుకు వచ్చేశాడు. జీతం ఎవరిస్తే వాళ్లే దొర. సైన్యం వెంట భార్యలు, పిల్లలు, వర్తకులు, వంటవాళ్లు. అదో నడిచే పట్నం. ఆ పట్నానికి రోజూ తిండి కావాలి. ఆ తిండి రాజు ఖజానా నుంచి రాదు, దారిలో తగిలిన ఊరి నుంచే రావాలి.

వాలెన్‌స్టైన్ అనే సేనాని ఈ పద్ధతిని పక్కా వ్యవస్థగా మార్చాడు. 1625లో పవిత్ర రోమన్ చక్రవర్తి కోసం సైన్యం కట్టినప్పుడు, ఖజానాలో డబ్బు లేదు. సైన్యం మకాం వేసిన ప్రతి పట్నమూ, ప్రతి జిల్లా ఇంత అని చెల్లించాలన్నాడు. దానికి ‘కంట్రిబ్యూషన్’ అని మర్యాదైన పేరు. ఇవ్వకపోతే ఊరికి నిప్పు. యుద్ధం తన్ను తానే మేపుకుంటుందన్న నానుడికి ఇదే నిలువెత్తు రూపం. దీనికో మెలిక ఉంది. పెద్ద సైన్యముంటే ఎక్కువ చోట్ల వసూలు చెయ్యొచ్చు, ఎక్కువ వసూలైతే ఇంకా పెద్ద సైన్యాన్ని పోషించొచ్చు. నేల గుల్లయ్యాక సైన్యం పక్క జిల్లాకు జరగాలి. ఆ యుద్ధంలో ఎన్నో కదలికలకు వ్యూహం కన్నా ఆకలే కారణం.

కాబట్టి మాగ్డెబర్గ్ నాశనంలో కనిపించేది రాజ్యపు బలం కాదు, రాజ్యపు చేతకానితనం. జీతాలివ్వలేని రాజు సిపాయిని దోపిడీతో సరిపెట్టుకోమన్నాడు. చక్రవర్తి తరఫున ఆ పట్నాన్ని పట్టిన టిల్లీకి అది బూడిదైతే ఒరిగిందేమీ లేదు. తిండీ బసా దొరికే కోట కావాలనుకుంటే బొగ్గుల కుప్ప దక్కింది.

ఆ కాలంలోనే రెండో దారి చిన్నగా తెరుచుకుంది, అదీ స్వీడన్‌లో. మనుషులు తక్కువ, డబ్బు అంతకన్నా తక్కువ. రాజు గుస్తావస్ అడాల్ఫస్‌కు కిరాయి సైనికుల్ని తగినంతమందిని కొనే స్తోమత లేదు. కానీ ఆయన దగ్గర ఇంకొకటి ఉంది, ప్రతి ఊరి చర్చిలోనూ పాస్టర్ రాసిన జనం పట్టీ. దాన్ని ముందు పెట్టుకుని ఇన్ని ఇళ్లకు ఒకడు చొప్పున కుర్రాళ్లను లెక్కగట్టి తీసుకుపోయారు. ఉత్తర స్వీడన్‌లో బిగ్‌దియో అనే చర్చి గ్రామం లెక్క చరిత్రకారులు తరచు చెప్తారు. 1621 నుంచి 1639 దాకా అక్కడి నుంచి 230 మంది యువకులు పోలండుకీ జర్మనీకీ యుద్ధానికి వెళ్లారు. 215 మంది అక్కడే చనిపోయారు. ఇంకో ఐదుగురు అవిటివాళ్లై తిరిగొచ్చారు.

మాగ్డెబర్గ్‌లో 20,000 మంది. ఇక్కడ 215 మంది. కానీ రాబోయే కాలపు పోలిక ఎక్కువగా ఉన్నది ఈ రెండో అంకెలోనే అని నాకనిపిస్తుంది. ఆ ఊరి మీదికి శత్రువెవడూ రాలేదు. ఆ ఊరిని ఖాళీ చేసింది సొంత రాజ్యం, చేతిలో పట్టీ పట్టుకుని.

హద్దుల్లో ఉన్నట్టు కనిపించిన శతాబ్దం

1648 తర్వాత రాజులు ఒక పాఠం నేర్చుకున్నారు. రైతును చంపితే పన్ను కట్టేవాడు పోతాడు. సైన్యాన్ని ఊళ్లమీద వదిలేస్తే సిపాయి పారిపోతాడు, క్రమశిక్షణ పోతుంది. అందుకని గిడ్డంగులు కట్టారు, రొట్టెల బట్టీలు సైన్యం వెంట నడిపారు, జీతాలు ఎంతో కొంత నిలకడగా ఇచ్చారు. సైన్యం తన గిడ్డంగికి తాడు కట్టిన గేదెలా, ఆ తాడు పొడవు మేరకే మేసేది. 18వ శతాబ్దపు యుద్ధాలను ‘పరిమిత యుద్ధాలు’ అనడానికి ఇది ముఖ్య కారణం. దయ తక్కువ, ఖర్చు లెక్క ఎక్కువ.

ఆ మర్యాద కూడా అంతటా ఒకేలా లేదు. 1689లో ఫ్రాన్స్ రాజు లూయీ 14 సైన్యాలు రైన్ తీరంలో హైడెల్‌బర్గ్, మాన్‌హైమ్, స్పేయర్, వర్మ్స్ పట్నాలను కావాలనే తగలబెట్టాయి. శత్రువుకు అక్కడ గింజ కూడా దొరక్కూడదని పైనుంచి వచ్చిన ఆజ్ఞ అది. మాగ్డెబర్గ్‌కూ దీనికీ తేడా గమనించాలి. అక్కడ అదుపు తప్పి కాలింది, ఇక్కడ అదుపులో ఉండి కాల్చారు. రాజు యుద్ధం చేస్తున్నట్టు శాంతంగా బతికే పౌరుడికి తెలియనే కూడదన్న మాట ప్రష్యా రాజు ఫ్రెడరిక్ పేరుమీద చెప్తుంటారు. ఆయన ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి ఆ చిన్న రాజ్యం లక్షల్లో మనుషుల్ని పోగొట్టుకుంది. తెలియకుండా ఉండటం కష్టమే.

యూరప్ దాటితే ఆ పరిమితి మాట ఇంకా పలచన. దీనికి మన తీరమే సాక్ష్యం. 1753లో నిజాం సలాబత్ జంగ్ నాలుగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చింది దేనికి? బుస్సీ దొర సైన్యం జీతాలకు. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు రైతుల శిస్తుతో దక్కన్‌లో ఫ్రెంచ్ సేన నడవాలి. వాలెన్‌స్టైన్ లెక్కే ఇది, కాగితం మీద ఫర్మానాగా మారిందంతే. ఆ శిస్తు వసూలు వ్యవహారంలోనే బుస్సీ విజయనగరం పక్షాన బొబ్బిలి మీదికి ఫిరంగులు తోలుకెళ్లాడు. 1757 జనవరి 24న ఆ కోటలో స్త్రీలూ పిల్లలూ ఏమయ్యారో తెలుగువాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. యూరప్ చరిత్రలు పరిమిత యుద్ధానికి నమూనాగా చూపించే ఫ్రెడరిక్ గెలుపులు, రాస్‌బాక్, లాయ్టెన్, అదే ఏడాది చివర్లో వచ్చాయి. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర, తర్వాతి ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడాక ఫ్రెంచివాళ్లకు ఆ సర్కారులు పోయాయి.

ఇంకో నష్టం కూడా అదే సమయంలో జరిగింది. తుపాకిమందులో ముప్పాతిక వంతు పెట్లుప్పు. అప్పటికి లోకంలో దొరికే మేలైన పెట్లుప్పు బీహార్‌ది. 1758లో ఆ వ్యాపారం మీద గుత్తాధికారం ఈస్టిండియా కంపెనీ చేతికి చిక్కింది. ఫ్రాన్స్ సొంత గడ్డలోనే పెట్లుప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. 1775లో మందుగుండు శాఖను ప్రభుత్వమే తీసుకుని, రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ లాంటివాళ్లకు అప్పజెప్పింది. ఈ దారం చివర ఎక్కడ తేలుతుందో చూద్దాం.

1793 ఆగస్టు

కథలో అన్నిటికన్నా విడ్డూరం ఇది. సంపూర్ణ యుద్ధాన్ని కన్నవాళ్లు యుద్ధమే వద్దన్నవాళ్లు. 1790 మే 22న ఫ్రాన్స్ జాతీయ సభ, ఇకపై మేం ఎవరి భూమి కోసమూ దండెత్తబోమని తీర్మానం చేసింది. యుద్ధాలు రాజుల జూదం, రాజులు పోతే యుద్ధాలూ పోతాయి అన్నది అప్పటి ఆశ. రెండేళ్లు తిరక్కుండానే, 1792 ఏప్రిల్ 20న అదే ఫ్రాన్స్ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. ఇది రాజ్యం కోసం కాదు, స్వేచ్ఛ కోసం, ఇదే ఆఖరి యుద్ధం అన్నారు. ఆఖరి యుద్ధమైతే అందులో రాజీ ఎలా కుదురుతుంది? రాజుకూ రాజుకూ మధ్య తగాదా అయితే ఒక జిల్లా అటో ఇటో ఇచ్చి సంధి చేసుకోవచ్చు. మానవజాతి శత్రువుతో ఏం సంధి?

వాల్మీలో జరిగిన చిన్న తోపులాట ఇందుకే పెద్దదైంది. అక్కడ నిలబడ్డ ఫ్రెంచివాళ్లు ‘జాతి వర్ధిల్లాలి’ అని అరిచారు. రాజు పేరు కాదు. ప్రష్యా సేన వెంట వచ్చిన జర్మన్ కవి గోథే ఆ సాయంత్రం, లోకచరిత్రలో కొత్త శకం ఇక్కడ మొదలైందని తోటివాళ్లతో అన్నానని చాలా ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. ఏళ్లు గడిచాక గుర్తొచ్చే జోస్యాలు ఎప్పుడూ నిజమే అవుతాయనుకోండి. అయినా మాట సరైనదే.

1793 వచ్చేసరికి ఫ్రాన్స్ నాలుగు వైపులా శత్రువులే. జనవరిలో రాజు తల తీశారు. ఫిబ్రవరిలో 3,00,000 మందిని సైన్యంలోకి ఎత్తాలని నిర్ణయించారు. చాలలేదు. ఆగస్టు 23న, అప్పటికి దేశాన్ని ఏలుతున్న కన్వెన్షన్ అనే సభ ముందు దాని సభ్యుడు బెర్త్రాన్ బరేర్ చదివిన శాసనం, ఈ మొత్తం వ్యాసానికి నడుమ నిలిచే కాగితం. శత్రువు గణతంత్రపు నేల వదిలి పారిపోయేదాకా ఫ్రెంచివాళ్లందరూ సైన్యం అవసరాలకు ఎల్లవేళలా కట్టుబడి ఉండాలంది. ఎవరెవరు ఏం చెయ్యాలో పంపకం కూడా చేసింది. యువకులు పోరుకు వెళ్తారు. పెళ్లైన మగవాళ్లు ఆయుధాలు కొడతారు, సామాన్లు చేరవేస్తారు. ఆడవాళ్లు గుడారాలూ దుస్తులూ కుడతారు, ఆసుపత్రుల్లో సేవ చేస్తారు. పిల్లలు పాత నారబట్టల్ని పీచుగా పీకి గాయాల కట్లకు సిద్ధం చేస్తారు. ముసలివాళ్లను కూడళ్లకు మోసుకెళ్లి కూర్చోబెడితే, కుర్రాళ్లకు ధైర్యం నూరిపోస్తారు, రాజుల మీద ద్వేషం బోధిస్తారు.

ఆ పిల్లల పని దగ్గర ఆగుతాను. చినిగిన దుప్పటిని పోగు పోగుగా విడదీసే ఆరేళ్ల చెయ్యి. పని చాలా చిన్నది. ఏ రాజూ అంతకుముందు దాన్ని యుద్ధపు పనిగా లెక్కలోకి రాసుకోలేదు. మాగ్డెబర్గ్ విడిదిలో భర్త గాయాలు కట్టడానికి హాగెన్‌డార్ఫ్ భార్య కాలుతున్న ఊళ్లోకి గుడ్డల కోసం వెళ్లింది. ఇక్కడ ఆ గుడ్డలను సమకూర్చే బాధ్యత శాసనమై దేశంలోని పిల్లలందరి మీదా పడింది. రెండు యుద్ధాల మధ్య తేడా నాకు ఈ గుడ్డల దగ్గర కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు.

నేలమాళిగల నేలను కడిగి పెట్లుప్పు తీయాలన్నది కూడా ఆ శాసనంలోని మాటే. బీహార్ సరుకు రాదు, సముద్రం ఇంగ్లీషువాళ్లది. పాతబడ్డ గోడల అడుగున, కొట్టాల్లో, మాళిగల్లో ఉచ్చా పేడా నానిన మట్టిలో పెట్లుప్పు పేరుతుంది. ఆ మట్టిని గీకి పీపాల్లో పోసి నీళ్లతో కడిగి, ఆ నీటిలో కట్టెబూడిద ఉప్పు కలిపి మరగబెడితే, చల్లారాక స్ఫటికాలు కడతాయి. 1793 డిసెంబర్‌లో ప్రతి పౌరుడూ తన మాళిగ తానే తవ్వుకుని ఈ పని చెయ్యాలని ప్రభుత్వం పిలుపునిచ్చింది. తర్వాతి ఫిబ్రవరి, మార్చి నెలల్లో జిల్లాకు ఇద్దరు చొప్పున మనుషుల్ని పారిస్ రప్పించి, దేశంలోని పెద్ద రసాయన శాస్త్రవేత్తల చేత పెట్లుప్పు తీయడం, ఫిరంగులు పోయడం నేర్పించారు. చదువూ, చెమటా, దేశభక్తీ ఒకే పీపాలో కలిపేశారు. ఈ శాఖను ఒకప్పుడు నడిపిన లెవోయిజర్ మాత్రం పాత ప్రభుత్వం కింద పన్నులు వసూలు చేసిన గుత్తేదార్లలో ఒకడని 1794 మే 8న తల నరికే గిలెటిన్ ఎక్కాడు. హడావుడిగా నింపిన గ్రెనెల్ మందుగుండు కర్మాగారం ఆ ఆగస్టు 31న పేలి వెయ్యి మంది దాకా చనిపోయారు. పారిస్‌లో పెద్ద చావు అది, యుద్ధరంగానికి అంత దూరంలో.

ఒకే నోరు, రెండు ఆజ్ఞలు

ఫిబ్రవరిలో ఎత్తాలన్న 3,00,000 మంది మాట గుర్తుందా? పడమటి ఫ్రాన్స్‌లోని వాండే ప్రాంతంలో ఆ మార్చిలోనే రైతులు తిరగబడ్డారు. తమ చర్చి ఫాదర్లను తరిమేసినందుకు అప్పటికే కోపంగా ఉన్నారు. పిల్లల్ని సైన్యానికి ఇమ్మనేసరికి అది నిప్పై రాజుకుంది. పట్నాల్లో ఉండే గార్డులకు మినహాయింపు, పల్లె కుర్రాళ్లకు చీటీలు. తిరుగుబాటు పెద్ద యుద్ధమైంది.

ఆగస్టు 1న బరేర్ సభలో లేచి, వాండేను నాశనం చెయ్యాలన్నాడు. ఆనాటి శాసనం అడవులు నరికేయమంది, పంటలు కోసి సైన్యం వెనక్కి చేరవేయమంది, పశువుల్ని స్వాధీనం చేసుకోమంది. ఆడవాళ్లనూ పిల్లలనూ ముసలివాళ్లనూ మాత్రం దేశం లోపలికి తరలించి, మానవత్వంతో చూసుకోమంది. సరిగ్గా 22 రోజుల తర్వాత అదే బరేర్, అదే సభలో, ఆడవాళ్లు గుడారాలు కుట్టాలి, పిల్లలు పీచు తీయాలి, ముసలివాళ్లు కూడలికి రావాలి అన్న శాసనం చదివాడు.

నా మటుకు నాకు సంపూర్ణ యుద్ధానికి పుట్టినరోజంటూ ఉంటే అది ఈ మూడు వారాల మధ్యే ఉంది. దేశమంతా సైన్యమైతే, ఆ దేశంలో చేరనంటున్న ఊరంతా శత్రు సైన్యమే. ఇవతల పిల్లవాడు యుద్ధపు పనివాడైతే, అవతలి పిల్లవాడికి ఏ ముసుగు మిగులుతుంది? రెండూ ఒకే తర్కం. 1794 జనవరి నుంచి జనరల్ త్యురో పంపిన దళాలు వాండే పల్లెల్లో చేసింది దీన్నే. వాటికి ‘నరకపు దళాలు’ అన్న పేరు స్థిరపడింది. మానవత్వంతో తరలించమన్న వాక్యం కాగితం మీదే ఉండిపోయింది. ఫిబ్రవరి 28న లే లూక్ అనే ఊళ్లో చంపేసిన జనం పేర్లను అక్కడి చర్చి ఫాదర్ రాసి పెట్టాడు. ఆ పట్టీలో 564 పేర్లు. వాటిలో చిన్నపిల్లల పేర్లు చాలా ఉన్నాయి. స్వీడన్‌లో చర్చి పట్టీ మనుషుల్ని యుద్ధానికి పంపింది. ఇక్కడ ఫాదర్ చేతి పట్టీ, యుద్ధం మింగిన మనుషుల్ని లెక్కపెట్టింది. నాంత్ పట్నంలో కారియే అనే అధికారి ఖైదీలను పడవల్లో ఎక్కించి లువార్ నదిలో ముంచేశాడు. చంపినందుకు అదే ప్రభుత్వం ఆ డిసెంబర్‌లో అతని తల తీసింది. వాండేలో అన్ని వైపులా కలిపి రెండు లక్షల దాకా చనిపోయారన్నది తరచు వినిపించే అంచనా. అది జాతినిర్మూలనా, అంతర్యుద్ధపు అత్యాచారమా అన్న వాదన ఫ్రాన్స్‌లో ఇప్పటికీ రాజకీయంగా వేడెక్కుతూనే ఉంటుంది.

అయితే కాగితానికీ చేతకీ మధ్య దూరం ఉందన్నది కూడా మర్చిపోకూడదు. 1794 మే 26న కన్వెన్షన్, ఇంగ్లీషు, హానోవర్ సైనికుల్ని ఖైదీలుగా పట్టుకోవద్దని, అంటే దొరికినవాణ్ని దొరికినట్టు చంపెయ్యమని తీర్మానించింది. సరిహద్దుల్లోని ఫ్రెంచ్ సిపాయిలు దాన్ని చాలావరకు పట్టించుకోలేదు. రేపు తాము దొరికిపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

అంకెలతో చెప్పే వాదన

‘అంత కొత్తేముంది’ అనే చరిత్రకారులు లేకపోలేదు. వాళ్ల వాదన తేలిగ్గా తీసేయలేం. 1794లో ఫ్రాన్స్ కాగితం మీద పది లక్షల సైన్యం చూపించింది. నిజంగా కాళ్ల మీద నిలబడ్డది 7,50,000 చుట్టూ. దేశ జనాభా దాదాపు 2 కోట్ల 80 లక్షలు. అంటే 37 మందికి ఒకడు. ఫ్రెడరిక్ చనిపోయిన 1786లో ప్రష్యా సైన్యం 1,90,000 చుట్టూ, జనాభా 60 లక్షల లోపు. అంటే 30 మందికి ఒకడు! నిష్పత్తి చూస్తే ఆ ‘పరిమిత’ రాజ్యమే ముందుంది.

లెక్క నిజమే, కానీ అది తలల్ని మాత్రమే లెక్కిస్తుంది. ఫ్రెడరిక్ సేనలో పెద్ద భాగం పరాయి దేశాల కిరాయివాళ్లు. మిగతావాళ్లు రాజు సొత్తు. గుమాస్తా, వర్తకుడు, పంతులు తమ పని తాము చేసుకోవాలని, యుద్ధంలో వేలు పెట్టకూడదని రాజు కోరిక. 1793లో ఫ్రాన్స్ అడిగినది వేరు. నువ్వు పౌరుడివి, కాబట్టి నువ్వు బాకీ ఉన్నావు. ఓటు హక్కూ తుపాకీ బరువూ ఒకే భుజం మీదికి వచ్చాయి. హక్కు ఇచ్చిన చేతికి అడిగే హక్కు కూడా వచ్చింది. రాజు ఎంత నిరంకుశుడైనా ఈ మాట అనలేకపోయేవాడు. ఎందుకంటే ఆయన తన జనానికి ఏమీ బాకీ లేడు, వాళ్లూ ఆయనకు పన్ను తప్ప ఇంకేమీ బాకీ లేరు.

ఈ మార్పును దగ్గర్నుంచి చూసినవాడు ఒక ప్రష్యా కుర్రాడు. 1793లో ఫ్రెంచివాళ్ల చేతిలోని మైంజ్ పట్నాన్ని ముట్టడించిన సేనలో ఉన్నాడు. అప్పటికి వయసు 13. పేరు కార్ల్ ఫాన్ క్లాజ్‌విట్జ్. యుద్ధం గురించి అతను జీవితమంతా రాసుకున్న ప్రతులను, అతను పోయాక అతని భార్య మారీ 1832లో అచ్చు వేయించింది. 1793లో ఎవరూ ఊహించని శక్తి ఒకటి వచ్చిందనీ, ఉన్నట్టుండి యుద్ధం మళ్లీ ప్రజల వ్యవహారమైపోయిందనీ అందులో రాశాడు. యుద్ధం తన సహజ గుణాన్ని బట్టి హద్దులు దాటే వైపుకే లాగుతుందనీ, రాజకీయం దాన్ని పట్టి ఆపుతుందనీ అతని ఆలోచన. ఒక శతాబ్దం తర్వాత లూడెన్‌డార్ఫ్ దీన్ని తలకిందులు చేసి, రాజకీయమే యుద్ధానికి ఊడిగం చెయ్యాలన్నాడు.

ఎదుటివాళ్లూ నేర్చుకున్నారు

ఒకరు మొదలుపెడితే పక్కవాళ్లు ఊరుకోరు. 1704లో బ్లెన్‌హైమ్ పెద్ద యుద్ధమన్నారు. రెండు వైపులా కలిపి లక్ష పైచిలుకు. 1813 అక్టోబర్‌లో లైప్‌జిగ్ దగ్గర నాలుగు రోజుల పాటు తలపడినవాళ్లు ఐదు లక్షలు దాటారు. స్పెయిన్‌లో 1808 నుంచి రైతులే, సన్యాసులే, ఆడవాళ్లే ఫ్రెంచివాళ్ల మీద తిరగబడ్డారు. జరగోజా పట్నంలో ఇల్లిల్లూ ఒక కోటైంది. ఒక గోడ పగలగొట్టి పక్కింట్లోకి, అక్కణ్నుంచి ఇంకో గోడ. పడిపోయేసరికి ఆ పట్నంలో యాభై వేలకు పైగా చనిపోయారు, ఎక్కువమంది అంటురోగంతో.

ప్రష్యా రాజు చేసిన పని నాకు మరీ సరదాగా అనిపిస్తుంది. 1813 ఏప్రిల్ 21న, సైన్యంలో లేని మగవాళ్లందరూ గొడ్డలో, కొడవలో, పారో పట్టుకుని నెపోలియన్ మనుషుల మీద పడాలని, యూనిఫాం అక్కర్లేదని, అవసరమైతే సొంత పంటలే తగలబెట్టి బావులు పూడ్చెయ్యాలని ఆజ్ఞ జారీ చేశాడు. తెలివైనవాళ్లకు, ఆస్తిపరులకు గుండెల్లో రాయి పడింది. ఇవాళ ఫ్రెంచివాడి మీదికి ఎత్తిన కొడవలి రేపు జమీందారు మీదికి లేవదని ఎవరు చెప్పగలరు? మూడు నెలలు తిరక్కుండానే జూలైలో ఆ ఆజ్ఞను చాలావరకు నీరుగార్చేశారు.

ఫ్రాన్స్‌లో మాత్రం ఆ అడిగే చెయ్యి ఆగలేదు. 1798 సెప్టెంబర్ 5న వచ్చిన జూర్దాన్ చట్టంతో 20 నుంచి 25 ఏళ్ల కుర్రాళ్లందరి పేర్లూ ఏటా పట్టీకెక్కాయి. ఆవేశంతో మొదలైనది కచేరీ పనిగా మారింది. రెండో వైపు జనం కూడా తమ తెలివి చూపించారు. పెళ్లైతే మినహాయింపు దొరుకుతుందని, సైన్యానికి ఎత్తే ఏళ్లలో పెళ్లిళ్లు గుట్టలుగా జరిగాయి. డబ్బున్నవాడు బదులుగా ఇంకొకణ్ని కొనుక్కున్నాడు. లేనివాడు కొండల్లోకి, అడవుల్లోకి పోయాడు. ఇంకా లేనివాడు తన ఒంటి మీదే చెయ్యి చేసుకున్నాడు. తుపాకి తూటా కాగితపు పొట్లంలో ఉండేది. దాన్ని ముందరి పళ్లతో కొరికి మందు పొయ్యాలి. అందుకని కొందరు ముందరి పళ్లు పీకించుకున్నారు. తుపాకి మీట నొక్కడానికి వేలుండాలి కాబట్టి కొందరు కుడిచేతి వేలు నరుక్కున్నారు.

దానికీ ప్రభుత్వం దగ్గర పద్ధతి ఉంది. అలా చేసుకున్నవాళ్లను ఇంటికి పంపలేదు. వాళ్లతో ప్రత్యేక దళాలు కట్టి, తుపాకీ పట్టలేని చేతికి పార ఇచ్చి, కందకాలు తవ్వడానికి పంపింది.